నాటకానికి ముందు ఆట

పాఠశాల వార్షికోత్సవం సమీపించినదంటే నాటక ప్రదర్శనకు సన్నాహాలు ఆరంభమవుతాయి. పాత్రలు పంచిపెడతారు. సంభాషణలను కాగితాలమీద వ్రాసి ఇస్తారు. పిల్లలు వాటిని ఎక్కాలవలె వల్లె వేస్తారు. పది దినాలు గడిచేసరికి ఒక్క మాట తప్పిపోకుండా అప్పజెప్పగలుగుతారు. అయినా ఆ ప్రదర్శనలో ఏదో లోపం కనిపిస్తూనే ఉంటుంది. రాజు మాట్లాడుతున్నంతసేపూ మంత్రి ఆ మాటలు వినడు. రాజు పలికే చివరి పదం ఎప్పుడు వస్తుందా, తన వంతు ఎప్పుడు అందుకొందామా అని కాచుకొని ఉంటాడు. భటుని వేషం వేసిన బాలుడు ఈటె పట్టుకొని, ప్రేక్షకులలో కూర్చున్న తన తమ్ముని వంక చూచి నవ్వుతాడు. చేతులు ఎక్కడ ఉంచుకోవాలో తెలియక రాణి వేషం వేసిన బాలిక జడ కొసను నలుపుతూ నిలబడుతుంది. “భయపడకండి, సహజంగా నటించండి” అని తెర ప్రక్క నుండి ఉపాధ్యాయుడు హెచ్చరిస్తాడు. ఆ హెచ్చరికతో పిల్లల భయం రెట్టింపవుతుంది.

ఇందులో పిల్లల దోషం లేదు. ఉపాధ్యాయుని శ్రద్ధకూ లోటు లేదు. మాటలు కంఠస్థం చేయించడానికి మార్గం ఉన్నది. మనస్సును ఒకచోట నిలిపించడానికి మాత్రం ఆజ్ఞ చాలదు. భయపడవద్దన్నంత మాత్రాన భయం పోదు. ఒకరి నొకరు గమనించండి అని చెప్పినంత మాత్రాన పదిమంది పిల్లలు ఒక బృందం కాజాలరు. ఏకాగ్రత, పరస్పర విశ్వాసం అనేవి ఆజ్ఞకు లొంగే గుణాలు కావు. అయితే అవి అలవడే మార్గమేది? ఈ ప్రశ్నకు 20వ శతాబ్దంలో ఒక అమెరికన్ ఉపాధ్యాయురాలు చెప్పిన సమాధానం చాల చిన్నది: ఆట. ఆమె పేరు వయోలా స్పోలిన్. నేడు ప్రపంచంలోని అనేక నాటక శిక్షణాలయాలలో రిహార్సలుకు ముందు ఆడించే క్రీడలలో చాలవాటికి మూలం ఆమె పని.

ఊరక నిలుచుండుట

స్పోలిన్ తన విద్యార్థులకు మొట్టమొదట ఇచ్చే అభ్యాసం చూచుటకు అతి సామాన్యంగా ఉంటుంది. తరగతిని రెండు సగాలుగా విభజిస్తారు. ఒక సగం వేదికమీద వరుసగా నిలబడుతుంది. రెండవ సగం ఎదురుగా కూర్చుంటుంది. “మీరు మమ్మల్ని చూడండి, మేము మిమ్మల్ని చూస్తాము” అని మాత్రమే ఉపాధ్యాయుడు చెబుతాడు. అంతకుమించి చేయవలసిన పనేమీ లేదు.

కొద్ది క్షణాలు గడిచేసరికి నిలబడినవారిలో మార్పు మొదలవుతుంది. ఒకడు ఒక కాలినుండి మరొక కాలిమీదికి బరువు మారుస్తాడు. ఒకడు నవ్వు ఆపుకోలేక ప్రక్కవానిని చూస్తాడు. మరొకడు కొయ్యబారిపోతాడు. ఇంకొకడు ఏమీ లెక్కలేనివానివలె నటించబోతాడు. చేతులు ఒక్కసారిగా బరువెక్కుతాయి. ప్రతివారికీ ఇబ్బంది కలిగినదని స్పష్టపడేవరకు ఉపాధ్యాయుడు వేచి ఉంటాడు. అప్పుడు వారికి ఒక పని చెబుతాడు: నేలమీద పరచిన పలకలు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టండి, లేదా, ఎదుట ఉన్న కుర్చీలను లెక్కించండి. వారు లెక్కింపసాగుతారు. చూస్తూండగానే భుజాలు సడలుతాయి, ముఖాలు తేటపడతాయి, చేతుల మాట ఎవరికీ జ్ఞాపకం ఉండదు. అదే వేదిక, అదే ప్రేక్షకులు, అవే చూపులు. కాని భయం లేదు.

తరువాత రెండు సగాలు స్థానాలు మార్చుకొంటాయి. అందరూ ఆ అనుభవం పొందిన పిమ్మట ఉపాధ్యాయుడు ప్రశ్నలు అడుగుతాడు. మొదట నిలబడినప్పుడు శరీరంలో ఏమి తోచినది? కడుపులో ఎట్లా ఉన్నది? ఊపిరి ఎట్లా ఆడినది? లెక్కపెట్టసాగిన తరువాత ఏమయినది? పిల్లలు తమంతట తామే చెబుతారు. ఉపాధ్యాయుడు ఉపన్యసింపవలసిన అవసరమే ఉండదు.

స్పోలిన్ బోధించిన సమస్తానికీ బీజం ఈ చిన్న అభ్యాసంలోనే ఉన్నది. మనిషి దృష్టి తనమీదనే నిలిచినంతకాలం భయం ఉంటుంది. ఆ దృష్టికి తన వెలుపల నిజమైన పని ఒకటి దొరికినప్పుడు భయానికి చోటు చాలదు. ఆ పని పదిమందికీ ఉమ్మడిదయితే ఆ పదిమందీ ఒక బృందమవుతారు. ఆమె దీనికి మొదట “పాయింట్ ఆఫ్ కాన్సంట్రేషన్” అని పేరు పెట్టినది. తరువాతి కాలంలో “ఫోకస్” అన్నది. తెలుగులో దీనిని ఏకాగ్ర బిందువు అని చెప్పుకోవచ్చును.

హల్ హౌస్ ముంగిట

ఈ ఆలోచన ఏకాంతంలో కూర్చున్న పండితుని మేధలో పుట్టినది కాదు. అది బీదవాడల పిల్లల మధ్య పుట్టినది. 1893లో స్వామి వివేకానందుడు సర్వమత మహాసభలో ప్రసంగించిన నగరంగా చికాగో పేరు తెలుగు పాఠకులకు సుపరిచితం. ఆ సభకు 4 సంవత్సరాలు ముందుగా, 1889లో, అదే నగరపు పడమటి భాగంలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే ఇద్దరు యువతులు హల్ హౌస్ అనే సేవా నిలయాన్ని స్థాపించినారు. ఆ పేటలో ఇటలీ, గ్రీసు, జర్మనీ, ఐర్లండు దేశాలనుండి బ్రతుకుతెరువు కోసం వలసవచ్చిన కుటుంబాలు, రష్యా, పోలండు ప్రాంతాలను వదలివచ్చిన యూదులు క్రిక్కిరిసి నివసించేవారు. ఒక ఇంటి భాష పొరుగింటికి తెలియదు. జేన్ ఆడమ్స్ చేసిన కృషికి 1931లో నోబెల్ శాంతి బహుమానం లభించినది.

ఈ హల్ హౌస్‌లో నీవా బోయిడ్ అనే విదుషీమణి 1920 దశకంలో ఒక శిక్షణాలయాన్ని నడిపినది. పిల్లలను, పెద్దలను బృందాలుగా కూర్చి పని చేయించడమెట్లాగో అక్కడ నేర్పేవారు. ఆమె వాడిన పరికరాలు పుస్తకాలు కావు. వివిధ దేశాల పిల్లలు తరతరాలుగా ఆడుకొంటున్న ఆటలు, జానపద నృత్యాలు, కథలు చెప్పుట, చిన్న నాటకాలు—ఇవే ఆమె పాఠ్యగ్రంథాలు. ఆటను ఆమె కాలక్షేపంగా చూడలేదు. ఆటలో నియమం ఉంటుంది; ఆ నియమాన్ని పిల్లవాడు ఎవరి బెదిరింపూ లేకుండా తానై అంగీకరిస్తాడు. అంగీకరించిన తరువాత దానికి కట్టుబడి, ఆ కట్టుబాటు నడుమనే తన ఉపాయాన్నీ ఉత్సాహాన్నీ వెల్లడిస్తాడు. తోడివారు లేకపోతే ఆట లేదు గనుక తోడివారిని గౌరవించక తప్పదు. భాష రాని పిల్లవాడు పాఠంలో వెనుకబడతాడేమో గాని, ఆటలో వెనుకబడవలసిన పని లేదు. వలస కుటుంబాల పిల్లలకు ఇంతకంటె తగిన బడి ఏముంటుంది?

1924లో ఈ శిక్షణాలయంలో చేరిన విద్యార్థులలో వయోలా స్పోలిన్ ఒకతె. ఆమె 1906లో చికాగోలోనే, రష్యానుండి వలసవచ్చిన యూదు కుటుంబంలో జన్మించినది. బోయిడ్ వద్ద ఆమె కొన్ని సంవత్సరాలు అభ్యసించినది. తన కృషికి పునాది అక్కడనే పడినదని ఆమె తుదివరకు కృతజ్ఞతతో చెప్పుకొనేది.

అవసరం కన్న ఆటలు

1929లో ఆరంభమైన ఆర్థిక సంక్షోభం అమెరికాలో లక్షలాది ప్రజలకు పని లేకుండా చేసినది. 1935లో రూజ్వెల్టు ప్రభుత్వం డబ్ల్యు.పి.ఎ. అనే సంస్థను ఏర్పరచి నిరుద్యోగులకు పనులు కల్పించినది. రోడ్లు, వంతెనలు నిర్మించడంతోపాటు నాటకాలకు, చిత్రకళకు, పిల్లల వినోద కార్యక్రమాలకు కూడా ఆ సంస్థ ధనం వెచ్చించినది. దాని చికాగో వినోద విభాగంలో 1939 మొదలు 1941 వరకు స్పోలిన్ నాటక పర్యవేక్షకురాలుగా పనిచేసినది.

ఆమె వద్దకు వచ్చిన పిల్లలు, పెద్దలు నాటకశాల ముఖం ఎరుగనివారు. పాత్రపోషణ, రంగస్థల విన్యాసం వంటి పదాలు వారికి అయోమయం. ఉపన్యాసాలు ఇచ్చినందువలన ప్రయోజనం లేదని ఆమె త్వరలోనే గ్రహించినది. పాఠం చెబితే తలలు ఊపుతారు, వేదిక ఎక్కితే మరచిపోతారు. కాని అదే విషయాన్ని ఒక ఆటగా మార్చి ఇచ్చినప్పుడు, చెప్పకుండానే వారు దానిని సాధిస్తున్నారు. అందుచేత రిహార్సలులో ఏ చిక్కు వచ్చినా దానికి తగిన ఆటను ఒకదానిని ఆమె కల్పింపసాగినది. ఉదాహరణకు, పాత్రధారులు బొమ్మలవలె దూరదూరంగా నిలబడి మాటలు అప్పజెబుతున్నారనుకొందాము. “దగ్గరగా రండి, అభిమానం చూపండి” అని ఆమె చెప్పదు. ప్రతి కొత్త మాటకూ ఎదుటివారిని ఏదో విధంగా స్పృశించి తీరవలెను, స్పర్శ లేనిదే మాట లేదు అని ఒక నియమం పెడుతుంది. ఒకరు భుజంమీద చేయి వేయవచ్చును. ఒకరు చేయి పట్టి ఆపవచ్చును. నియమాన్ని పాటించే యత్నంలో పిల్లలు ఒకరి నొకరు చూడక తప్పదు, వినక తప్పదు. నాటకంలోకి ప్రాణం ఆ దారినే వస్తుంది.

అద్దం, లేని తాడు, మనుష్యుల యంత్రం

ఆమె ఆటలలో మిక్కిలి ప్రసిద్ధమైనది అద్దం ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు మనిషి, రెండవవారు అద్దం. మనిషి చేయి ఎత్తితే అద్దంకూడా ఎత్తవలెను. తల వంచితే వంచవలెను. కనుబొమ్మ ముడిస్తే ముడవవలెను. కొంతసేపటికి ఉపాధ్యాయుడు “మార్చండి” అంటాడు. అద్దం మనిషి అవుతుంది, మనిషి అద్దం అవుతాడు. ఈ మార్పులు రానురాను త్వరత్వరగా జరుగుతాయి. చివరకు ఉపాధ్యాయుడు ఇద్దరినీ అద్దాలుగా ఉండమంటాడు. అనుసరించేవానిని అనుసరించుట ఇక్కడి నియమం. ఎవరూ ముందుగా కదలరు. అయినా కదలిక పుడుతుంది. ఒకరి ఊపిరిలోని చిన్న చలనాన్ని రెండవవారు అందుకొంటారు, దానిని మొదటివారు మరల అందుకొంటారు. చూచేవారికి నాయకుడెవరో, అనుచరుడెవరో తెలియదు. ఆడేవారికీ తెలియదు.

ఈ ఆటలో ఒక నీతి దాగి ఉన్నది. అల్లరి పిల్లవాడు మొదట తన జోడీని ఓడించాలని చూస్తాడు. ఒక్కసారిగా చేయి విసరుతాడు, గిరుక్కున తిరుగుతాడు. ప్రతిబింబం చెదిరిపోతుంది. అతడు గెలిచినాడా? గెలువలేదు, ఆట చచ్చిపోయినది. ఎదుటివాడు అందుకోగలిగినంత నెమ్మదిగా కదిలినప్పుడే తన ప్రతిబింబం తనకు దక్కుతుంది. ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. రెండు నిమిషాలలో పిల్లవాడే తెలుసుకొంటాడు.

లేని వస్తువులతో ఆడే ఆటలు మరికొన్ని ఉన్నవి. పిల్లలు రెండు పక్షాలుగా చీలి లేని తాడును పట్టుకొని లాగుతారు. చేతులలో ఏమీ లేదు. కాని ఆ తాడు అందరికీ ఒక్కటే. ఒక పక్షం వెనుకకు లాగితే రెండవ పక్షం ముందుకు రాక తప్పదు. ఇరుపక్షాలూ ఏకకాలంలో వెనుకకు నడిచినట్లయితే తాడు సాగినదన్నమాట; తాడు సాగదు గనుక ఆట చెడినది. ఇక్కడ గెలుపు కోసం పెనుగులాడేవారుకూడా తాడును నిలబెట్టుటలో పరస్పరం సహకరింపవలసినదే. లేని బంతి ఆట కూడా ఇటువంటిదే. బంతి పరిమాణమెంతో ముందుగా నిర్ణయించుకొని ఒకరినుండి ఒకరికి విసరుకొంటారు. “బంతి బరువెక్కుతున్నది!” అని ఉపాధ్యాయుడు కేక వేస్తాడు. అందరి చేతులూ కుంగుతాయి. “బంతి దూదివలె తేలికయినది!” అంటాడు. చేతులు పైకి లేస్తాయి. బంతి ఆడేవారి తలలో ఉండకూడదు, వారి మధ్య గాలిలో ఉండవలెను. పదిమందీ ఒకే బంతిని చూడగలిగినప్పుడు ప్రేక్షకులుకూడా దానిని చూస్తారు.

మరొక ఆటలో పిల్లలు ఒక్కరొక్కరుగా వచ్చి యంత్ర భాగాలవుతారు. మొదటివాడు చేయి పైకీ క్రిందికీ ఆడిస్తాడు. రెండవవాడు ఆ కదలికకు తగిన మరొక కదలికతో వచ్చి చేరుతాడు. మూడవవాడు ధ్వని కలుపుతాడు. చూచేసరికి గదిలో ఒక యంత్రం నడుస్తూ ఉంటుంది. ఏ యంత్రమో ముందుగా ఒకరి కొకరు చెప్పుకోరు. చూచి గ్రహించి చేరవలసినదే. తెలుగు పల్లెలలోని పిల్లలు దీనిని బియ్యపు మరగానో, చెరకు గానుగగానో మలచుకోగలరు. ఇందులో చిన్న చక్రానికీ పెద్ద చక్రానికీ భేదం లేదు. ఏ ఒక్కటి ఆగినా యంత్రం ఆగుతుంది.

అర్థం లేని ధ్వనులతో మాట్లాడుకొనే ఆటకూడా ఆమె సంపుటిలో ముఖ్యమైనది. ఒక బాలిక ఏ భాషకూ చెందని ధ్వనులు పలుకుతూ ఏదో వస్తువు అమ్ముతుంది. ఆ వస్తువేమిటో, దాని గుణమేమిటో ప్రేక్షకులకు తెలియవలెను. మాటల అండ లేనప్పుడు కంఠస్వరం, కన్ను, చేయి పని చేయక తప్పదు. చక్కగా మాట్లాడగల పిల్లవానికీ, మాట తడబడే పిల్లవానికీ ఈ ఆటలో స్థానం సమానం. పది భాషలు వినిపించే పేటలో పని చేసినవారికి ఈ ఆట విలువ వేరే చెప్పనక్కరలేదు.

మెప్పు చేసే కీడు

ఈ ఆటల పద్ధతి నేర్చుకొనుట కష్టం కాదు. ఉపాధ్యాయునికి కష్టమైనది మరొకటి ఉన్నది. స్పోలిన్ తన గ్రంథంలో మెప్పు, నింద అనే రెండింటినీ సహజ స్ఫూర్తికి ప్రబల శత్రువులుగా పరిగణించినది. నింద పిల్లవానిని కుంగదీస్తుందని అందరూ అంగీకరిస్తారు. మెప్పుకూడా అంతటి కీడే చేస్తుందన్న మాట మాత్రం చాలమందికి రుచించదు.

ఆమె వాదం ఇట్లా సాగుతుంది. “భేష్, చాల బాగా చేసినావు” అని ఉపాధ్యాయుడు అన్న క్షణం నుండి పిల్లవాని దృష్టి ఆటనుండి ఉపాధ్యాయుని ముఖంమీదికి పోతుంది. మరొకసారి ఆ మాట సంపాదించడానికి వాడు అదే పనిని తిరిగి చేస్తాడు. మెప్పు దొరకని పిల్లవాడు తనకు ఈ విద్య రాదని ప్రక్కకు తప్పుకొంటాడు. ఇద్దరూ ఆటను వదలినవారే. లెక్కపెట్టడానికి పలకలు లేని వేదికమీద మరల ఇద్దరూ ఊరక నిలబడినట్లే. నటన కొందరికి పుట్టుకతో వచ్చిన వరమని ఆమె నమ్మలేదు. నటించే శక్తి అందరికీ కలదనీ, ప్రతిభ అని లోకం పిలిచేది అనుభవానికి మనస్సు విప్పగల సామర్థ్యమేననీ, దానిని పెంచవచ్చుననీ ఆమె విశ్వాసం.

అయితే ఉపాధ్యాయుడు చేయవలసినదేమిటి? ఆట నడుస్తున్నప్పుడు అతడు ప్రక్కన నిలబడి చిన్న చిన్న మాటలు అందిస్తూ ఉండవలెను. ఆమె దీనిని “సైడ్ కోచింగ్” అన్నది. “తాడును చూడండి!” “అద్దం నెమ్మది!” “బంతి గాలిలో ఉన్నది!” వంటి మాటలవి. ఆడేవారు ఆగి అతని వైపు చూడకూడదు, ఆడుతూనే వినవలెను. ఆ మాట తీర్పు కాదు, ఆటలో ఒక భాగం. ఉపాధ్యాయుడు అప్పుడు తోడి ఆటగాడే అవుతాడు.

ఆట ముగిసిన తరువాత చర్చ ఉంటుంది. అక్కడకూడా ప్రశ్నను ఎట్లా అడుగుతారన్నదే ముఖ్యం. ఎవరు బాగా చేసినారు అన్న ప్రశ్నకు అక్కడ తావు లేదు. తాడు నిలిచినదా? అందరూ ఒకే తాడును పట్టుకొన్నారా, ఎవరి తాడును వారు పట్టుకొన్నారా? అని చూచినవారిని అడుగుతారు. ఈ ప్రశ్నకు సమాధానం వ్యక్తినిగూర్చి కాదు, పనినిగూర్చి. “తాడు మధ్యలో తెగిపోయింది మాస్టారూ” అని ఒక పిల్లవాడు చెప్పినప్పుడు ఎవరికీ అవమానం లేదు. మరొకమారు పట్టుకొందామన్న ఉత్సాహమే మిగులుతుంది.

మార్కులు, ర్యాంకులు, బహుమతులు అనే మూడు స్తంభాలమీద నిలిచిన పాఠశాలలో ఇది సులభంగా జీర్ణమయ్యే బోధ కాదు. మెప్పును వదలుకొనుట అంటే ఉపాధ్యాయుడు తన చేతిలోని అధికారాన్ని కొంత వదలుకొనుటయే. పిల్లలు తనను సంతోషపెట్టడానికి ఆడుతున్నారా, ఆటకోసం ఆడుతున్నారా అని అతడు తన్ను తాను ప్రశ్నించుకోవలసి వస్తుంది. ఈ ప్రశ్నకు జంకి వెనుదిరిగిన చోట అద్దం ఆటా ఒక పోటీ అవుతుంది, లేని తాడుకూ ఒక కప్పు బహుమతి ఏర్పడుతుంది. అప్పుడు ఆట పేరు మిగులుతుంది గాని గుణం మిగులదు.

చికాగోనుండి నలుదిక్కులకు

1946లో స్పోలిన్ హాలీవుడ్‌లో బాలల నాటక సంస్థను స్థాపించినది. 6 సంవత్సరాలు దాటిన పిల్లలు అందులో ఈ ఆటల ద్వారానే నటన అభ్యసించేవారు. 1955లో ఆ సంస్థను ముగించి ఆమె చికాగోకు తిరిగి వచ్చినది. అప్పటికి ఆమె కుమారుడు పాల్ సిల్స్ చికాగో విశ్వవిద్యాలయ ప్రాంతంలో యువ నటులను కూడగట్టి పని చేస్తున్నాడు. డేవిడ్ షెపర్డ్‌తో కలసి 1955లో అతడు నెలకొల్పిన కంపాస్ అనే బృందం వ్రాసిపెట్టుకొన్న సంభాషణలు లేకుండా అప్పటికప్పుడు నాటకం అల్లి ప్రదర్శించేది. తరువాత అమెరికా అంతటా ప్రసిద్ధులైన మైక్ నికల్స్, ఎలెయిన్ మే ఆ బృందంలోనివారే. 1959 డిసెంబరులో సిల్స్, మరి ఇద్దరు మిత్రులు కలసి సెకండ్ సిటీ అనే నాటకశాలను ప్రారంభించినారు. తల్లి అక్కడి నటులకు ఆటలు నేర్పినది. వలస కుటుంబాల పిల్లలకోసం పుట్టిన ఆటలు ఆ విధంగా వృత్తి నటులకు ఉపాధ్యాయులయినవి.

1963లో స్పోలిన్ తన అనుభవసారాన్ని “ఇంప్రొవైజేషన్ ఫర్ ది థియేటర్” అనే గ్రంథంగా వెలువరించినది. అందులో 200కు పైగా ఆటలు, అభ్యాసాలు ఉన్నవి. తరగతి గదులలోని ఉపాధ్యాయులకై ప్రత్యేకంగా వ్రాసిన మరొక గ్రంథం 1986లో వెలువడినది. 1994లో, 88వ ఏట, ఆమె కన్నుమూసినది.

ఆమెకు పూర్వం ఈ విషయం ఎవరికీ తోచలేదని చెప్పరాదు. రష్యాలో స్టానిస్లావ్‌స్కీ నటుని ధ్యానాన్నిగూర్చి ఎంతో పరిశోధించినాడు. 1936లో ఆంగ్లంలో వెలువడిన “యాన్ ఆక్టర్ ప్రిపేర్స్” అనే ఆయన గ్రంథంలో, దీపపు వెలుగు పడిన చిన్న వలయంలోనే మనస్సును నిలుపుకొనుట అభ్యసించే నటులు కనిపిస్తారు. అయితే అక్కడి సాధనలో ఒంటరి నటుని మనస్సుకు ప్రాధాన్యం ఎక్కువ. స్పోలిన్ ఆటలలో ఆ వెలుగు ఇద్దరి మధ్య, పదిమంది మధ్య పడుతుంది. తరువాతి తరంలో బ్రెజిల్ దేశానికి చెందిన ఆగస్టో బోల్ ఈ మార్గాన్ని మరొక దిక్కుకు నడిపినాడు. నోరు విప్పలేని పేదలు తమ కష్టాలను తామే నాటకంగా ప్రదర్శించుకొనడానికి ముందు శరీరంలోని బిగువును, మనస్సులోని జంకును సడలించే ఆటలను ఆయన పెద్ద సంపుటిగా కూర్చినాడు. ఆయన పద్ధతిని గ్రామాలలో ఆచరిస్తున్న జన సంస్కృతి అనే బృందం 1985లో పశ్చిమ బెంగాలులో మొదలైనది. ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయం 1989లో, పాఠశాలల పిల్లలతో పని చేయడానికే ప్రత్యేకంగా ఒక బృందాన్ని ఏర్పాటు చేసినది. దేశమేదైనా, ప్రయోజనమేదైనా, నాటకానికి ముందు ఆట అవసరమని వీరందరూ గుర్తించినారు.

పావుగంట కాలం

ఇదంతా విశాలమైన నాటకశాలలకు, తీరికగల విద్యార్థులకు చెల్లుతుంది గాని, ఒక గదిలో 50 మంది పిల్లలు కూర్చున్న బడిలో ఎట్లా సాధ్యమవుతుందని ఉపాధ్యాయులు శంకించవచ్చును. ఆ శంక సహజమే. కాని ఈ ఆటలకు వస్తుసామగ్రి అవసరం లేదు. తాడుకూడా లేని తాడే. స్థలం చాలనప్పుడు 10 మంది ఆడితే తక్కినవారు చూడవచ్చును. చూచుట వ్యర్థ కాలక్షేపం కాదు. ఆడేవారు, చూచేవారు అని తరగతిని విభజించుట స్పోలిన్ పద్ధతిలోనే ఉన్నది. తాడు నిలిచినదా లేదా అని నిశితంగా చూచేవాడు తన వంతు వచ్చినప్పుడు ఆ తాడును మరింత గట్టిగా పట్టుకొంటాడు.

రిహార్సలుకు ముందు పావుగంట చాలును. మొదట గదిలోని ధ్వనులను ఒక నిమిషం కన్నులు మూసుకొని వినుట. తరువాత జంటలుగా అద్దం ఆట. ఆపైన అందరూ కలసి లేని బంతి. బెరుకుగల పిల్లవానిని బలవంతంగా ముందుకు త్రోయకూడదు. వాడు చూచేవారిలో కూర్చొని ప్రశ్నలకు సమాధానం చెప్పినా చాలును. రెండవ దినానో, నాలుగవ దినానో యంత్రంలో ఒక చిన్న చక్రంగా తానే వచ్చి చేరుతాడు. ఆ దినాన ఎవరూ చప్పట్లు కొట్టనక్కరలేదు. యంత్రం నడవడమే వానికి తగిన స్వాగతం.

నీవా బోయిడ్ ఏ జానపద క్రీడలను పాఠ్యగ్రంథాలుగా స్వీకరించినదో, అటువంటి క్రీడలకు తెలుగునాట కొదవ లేదు. చెమ్మచెక్క ఆడే ఇద్దరు బాలికల అరచేతులు లయ తప్పకుండా కలుసుకోవలెను. ఒకరి మనస్సు ఎటో పోయినా చప్పుడు తప్పుతుంది. ఒప్పులకుప్పలో ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, పాదాలు దగ్గరగా చేర్చి, చేతులు పెనవేసి పట్టుకొని, వెనుకకు వాలి గిరగిర తిరుగుతారు. ఆ వాలు ఏ ఒక్కరి బలంమీదనో నిలిచేది కాదు. ఎదుటివారి బరువును తాను మోస్తూ, తన బరువును ఎదుటివారికి అప్పగించినప్పుడే ఆట సాగుతుంది. భయపడి ఒకరు చేయి వదలితే ఇద్దరూ పడతారు.

పడకుండా తిరగడం ఆ బాలికలకు ఏ ఉపాధ్యాయుడూ నేర్పలేదు. వీధిలో ఆడి నేర్చుకొన్నారు. అట్లా నేర్చుకొన్నవారే వేదికమీదికి రాగానే ఒకరి మాట ఒకరు వినకుండా నిలబడుతున్నారంటే, మార్గమధ్యంలో ఎక్కడో చేయి వదలినట్లే. సంభాషణలు వల్లె వేయించడానికి ముందు ఆ చేతులను మరల కలిపే పావుగంటను కేటాయించుట ఏ పాఠశాలకూ అసాధ్యం కాదు.